చెత్తకు జాతకం

భూకంపం వస్తే చెత్తగుట్ట ఎలా ఊగుతుందో ఇక కంప్యూటరే చెప్పేస్తుందట. గుట్ట ఎంత బిగువుగా నిలుస్తుందో చెప్పే షియర్ మాడ్యులస్, కుదుపును ఎంతవరకు మింగుతుందో చెప్పే డ్యాంపింగ్ నిష్పత్తి, రెండూ మెషిన్ లెర్నింగ్‌కి చిటికెలో పని. ఇన్నాళ్లూ పాపం, పెద్ద పెద్ద ట్రయాక్సియల్ యంత్రాల్లో చెత్త కూరి, మళ్లీ మళ్లీ నొక్కి వదులుతూ, ముక్కు మూసుకుని కొలిచేవారు.

అయితే జాతకం చెప్పాలంటే పుట్టిన వేళ తెలియాలి కదా! యంత్రం అడుగుతుంది: చెత్త వయసెంత? ఘనపు మీటరు బరువెంత? ప్లాస్టిక్, గుడ్డపీలికలు ఎంత పాలు? పైనున్న చెత్త ఎంత ఒత్తుతోంది? ఢిల్లీ ఘాజీపూర్ చెత్తగుట్ట దగ్గరకెళ్లి ఎవర్నడుగుతారో అడగండి. అక్కడ 1984 నుంచి పోస్తున్నారు. 2002కే నిండిపోయింది, అయినా లారీలు ఆగలేదు. 20 మీటర్లు దాటకూడని గుట్ట 2019 నాటికి 65 మీటర్లకెక్కి, 73 మీటర్ల కుతుబ్ మీనార్ మీద కన్నేసింది. దాని కడుపులో ఉన్న చెత్త ఏ ఏడాదిదో పోసినవాళ్లకే తెలియదు. తెలియాలంటే తవ్వాలి, ఏరాలి, తూచాలి. అంతా చేశాక ఆ చెత్తనే పరీక్షించేస్తే పోలేదా అంటారా? మీకు టెక్నాలజీ మీద గౌరవం లేదు.

ఇక ఈ యంత్రం జోస్యానికి ఉందని చెప్పుకునే 99 శాతం కచ్చితత్వం సంగతి. ఒక్క నమూనాను చిన్న కుదుపు నుంచి పెద్ద కుదుపు దాకా పరీక్షిస్తే ఒక వంపు గీత, దాని మీద బోలెడు చుక్కలు వస్తాయి. ఆ చుక్కల్నే కలగలిపి, కొన్ని పాఠానికి, మిగిలినవి పరీక్షకు పంచారనుకోండి. అటు చుక్కా ఇటు చుక్కా ముందే చూసిన విద్యార్థి నడిమి చుక్క ఎక్కడుందో చెప్పడా? కొత్త ఊరి గుట్ట ఒక్కటి చూపించి అడిగితే తెలుస్తుంది తెలివి. కాలిఫోర్నియా చెత్త మీద చదువుకున్నవాడికి మన కూరగాయల తొక్కలు, రోడ్లూడ్చిన మట్టి, ఇళ్లు కూల్చిన ఇటుక ముక్కలు సిలబస్‌లో లేనివి.

మనీలా పయటాస్‌లో 2000 జులైలో గుట్ట జారి 200 మందికి పైగా పోయారు. 2017 మార్చిలో అడిస్ అబాబా, ఏప్రిల్‌లో కొలంబో మీతొటముల్ల, సెప్టెంబరు 1న మన ఘాజీపూర్. వీటిలో ఏ ఒక్కటీ భూకంపం కోసం ఆగలేదు. ఎత్తు, నిట్టనిలువు వాలు, లోపల ఊరిన నీరు చాలాయి. వీటిని చూడ్డానికి న్యూరల్ నెట్‌వర్క్ అక్కర్లేదు, మెడ ఎత్తితే చాలు. కానీ మెడ ఎత్తినందుకు ప్రాజెక్టు నిధులు రావు.

భూకంపానికి గుట్ట ఏమవుతుందోనన్న కాలిఫోర్నియావాళ్ల కంగారుకు అర్థముంది లెండి. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో అక్కడి చికీటా కాన్యన్ గుట్టకు, చెత్తనీరు నేలలోకి ఇంకకుండా పరిచిన లైనర్ చిరిగింది. ఘాజీపూర్‌కి ఆ దిగులు లేదు. దాని కింద చిరగడానికి అసలు లైనరే పరవలేదు.