శ్రీ విలీనేశ్వర వైభవం

స్వామీ విలీనేశ్వరా! మీ లీలలు మాబోటి పన్నుదారులకు అంతుపడతాయా? శివారు ఊళ్లో పుట్టినవాడు గుమ్మం దిగకుండానే పంచాయతీ, మునిసిపాలిటీ, కార్పొరేషన్ అనే ముల్లోకాలూ చూసి, మహానగరంలో లీనమైపోయాడంటే మీ చలవే. సాయుజ్యం కోసం మునులు ఒంటికాలి మీద తపస్సు చేశారు. మాకు గెజిట్ కాగితంతో తేలిపోయింది.

బోడుప్పల్, పీర్జాదిగూడ, నిజాంపేట 2019లో కార్పొరేషన్లయ్యాయి. మేయర్లొచ్చారు, కార్లొచ్చాయి. 2025 డిసెంబరుకల్లా మరో 24 పట్టణాలతో కలిసి హైదరాబాదులో కరిగిపోయాయి. పుట్టుక, పట్టాభిషేకం, మోక్షం, అన్నీ ఆరేళ్లలోనే!

మా దగ్గరి ఆఫీసు బోర్డు చూసి తీరాలి. వానకి రంగు నానితే కొత్త పేరు కిందనుంచి ‘నగరపాలక’, దాని అడుగునుంచి ‘గ్రామ’లోని ‘గ్రా’ తొంగిచూస్తాయి. ఎదురుగా ఉన్న మురిక్కాలువ మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. నామరూపాలు మిథ్య అని దానికి ఎప్పుడో తెలిసిపోయింది.

వెనకటికి వీధిదీపం ఆరిపోతే మా పెద్దనాన్న టీకొట్టు దగ్గర సర్పంచిని పట్టుకుని నలుగురిలో కడిగేసేవారు. ఎంత మొరటుతనం! సాయంత్రానికి దీపం వెలిగేది. ఇప్పుడు నాగరికులమయ్యాం. ఫోన్లో ఫిర్యాదు పెట్టాను. మూడో రోజు ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజి. స్తంభం కిందే నిలబడి చదువుకున్నాను. ఫోను వెలుతురు సరిపోయింది.

లెక్కల్లోనూ మీరు సమదర్శులు. పాలన గడప దగ్గరికి రావాలంటూ 2018 చట్టంతో 500 జనాభా ఉన్న తండాలనూ పంచాయతీలు చేశారు. సంతోషం. 2007లో 12 మునిసిపాలిటీలను కలిపి కట్టిన మహానగరంలో మాత్రం 150 డివిజన్లు. 2011 జనాభా లెక్కన ఒక్కో కార్పొరేటరుకు దాదాపు 45 వేలమంది. తండాలో సర్పంచి దర్శనం గడపలో, నగరంలో కార్పొరేటరు దర్శనం ఫ్లెక్సీలో. 2025 డిసెంబరులో డివిజన్లు 300 చేశారు. అంతమందీ ఒకే సభలో తలా రెండు నిమిషాలు మాట్లాడితే పది గంటలు! మా కాలువ వంతు వచ్చేసరికి సభలో కుర్చీలే మిగులుతాయి.

మూసీ ఊరి హద్దులు చూసి పారదు, అన్నిటికీ ఒకే గొడుగుండాలి అంటారు మీ భక్తులు. అది నిజమే, కాదనను. అయితే గొడుగు ఒకటే గానీ దాని కర్రలు వేరు వేరు చేతుల్లో ఉన్నాయి. మంచినీళ్లకు జలమండలి, మాస్టర్ ప్లానుకు హెచ్ఎండీఏ, కరెంటుకు ఇంకొకరు. వాన వస్తే ఎవరి కర్ర వాళ్లు పట్టుకుని పక్కవాడి వైపు చూస్తారు.

ఇక మీ కరుణ గురించి విశాఖవాసుల్నే అడగాలి. 2005లో గాజువాకను కలుపుకుని మహా విశాఖ అయ్యారు. 2012లో పాలకవర్గం గడువు తీరింది. మరుసటేడు భీమిలి, అనకాపల్లీ వచ్చి కలిశాయి. మళ్లీ ఓటేసింది 2021 మార్చిలో! తొమ్మిదేళ్లు అధికారుల ఏలుబడే. కౌన్సిల్లో కేకల్లేవు, ప్రశ్నలడిగే పాపాత్ముడు లేడు. రామరాజ్యంలోనైనా ఓ మాట అన్నవాడు ఉన్నాడు.

మొన్న మా ఆఫీసు బోర్డు రాస్తున్న కుర్రాణ్ని ఆగి పలకరించాను.

“ఈసారి రంగు పల్చగనే కొడుతున్న సార్, మళ్ల రావాలె గదా” అన్నాడు.