టికెట్టు కొన్న జవాను

యుద్ధ సినిమాకి తప్పకుండా వచ్చే ప్రేక్షకుడు ఒకడున్నాడు. తెర మీద జెండా కనపడగానే అతని వెన్ను నిటారుగా లేస్తుంది. గంటన్నర గడిచేసరికి అదే వెన్ను సీట్లోకి జారిపోతుంది గానీ, ఆ సంగతి చచ్చినా ఒప్పుకోడు. బయటికొచ్చాక ‘ఎలా ఉందండీ?’ అంటే ‘మన జవాన్లండీ!’ అంటాడు. అడిగింది సినిమా గురించి, చెప్పింది సైన్యం గురించి. ఆ రెండూ వేరన్నవాడు అతని లెక్కలో చొరబాటుదారుడే.

ఇతని ఓర్పుకి అసలు పరీక్ష జె.పి. దత్తా 2003లో తీసిన ‘ఎల్‌ఓసీ కార్గిల్’. అదే దర్శకుడు 1997లో ‘బోర్డర్’లో ఒక్క లోంగేవాలా సరిహద్దు పోస్టునే పట్టుకుని జనాన్ని ఊపేశాడు. ఇక్కడేమో నాలుగు గంటలు దాటిన నిడివి, తెరనిండా తారలు. అందరికీ ఒకటే యూనిఫాం, ఒకటే హెల్మెట్. నేలకొరిగింది ఎవరో పక్క సీటాయన్ని అడిగి తెలుసుకోవాలి. బండచాటుకి చేరినవాడికల్లా ఇంటిదగ్గరి అమ్మాయి గుర్తొస్తుంది, అమ్మాయి వెనకే పాటొస్తుంది. శత్రువు మర్యాదస్తుడు కాబట్టి చరణాలు అయ్యేదాకా ఆగుతాడు.

‘ప్రాణాలిచ్చినవాళ్ల కథకి వంకలా?’ అన్నది మనవాడి బ్రహ్మాస్త్రం. వంక పెట్టాల్సింది అందుకే. ఆ సినిమాలో నాగార్జున వేసిన మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాదు మనిషి. యుద్ధం మధ్యనుంచి తండ్రికి ఉత్తరం రాస్తూ, కడుపుతో ఉన్న తన భార్యకి రోజుకో మహాభారత కథ చెప్పమన్నాడు. 1999 జూన్ 28న ద్రాస్ ప్రాంతంలో ప్రాణాలు విడిచాడు. మరణానంతరం మహావీరచక్ర ఇచ్చారు. ప్రేమా కర్తవ్యమూ రెండూ ఆ చిన్న కోరికలోనే ఉన్నాయి, వెనక వయొలిన్లు అక్కర్లేదు. అలాంటి మనిషిని వరసలో నిలబెట్టి, అందరికీ పంచిన కన్నీళ్లే అతనికీ పంచితే గౌరవించినట్టెలా అవుతుంది? ‘మరి అంతమంది వీరుల్లో ఎవర్ని వదిలేస్తారండీ?’ అంటాడు మనవాడు. ఇది మాత్రం న్యాయమైన ప్రశ్నే. దర్శకుడి ఇబ్బందీ బహుశా అదే. కానీ హాజరుపట్టీలో పేరు పిలిచినంత మాత్రాన మనిషి కళ్లముందుకి రాడు.

ఇంతా విని, ‘ఏమన్నా అనండి, చివర్లో నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి’ అంటాడు. వచ్చే ఉంటాయి. నాలుగ్గంటలు ఆవలింత ఆపుకుంటే ఎవరికైనా వస్తాయి.