మతిమరుపు వ్రతకల్పం

బ్రిటన్‌లోని బ్యాంకులు, బిల్డింగ్ సొసైటీలు నడిపే పొదుపు ఖాతాలలో, ముందస్తు నోటీసు గానీ జరిమానా గానీ లేకుండా ఎప్పుడు కావాలంటే అప్పుడు సొమ్ము వెనక్కి తీసుకోగలిగే వాటిని ఈజీ యాక్సెస్ ఖాతాలంటారు. వీటిలో కొన్నింటికి ప్రకటనలో కనిపించే వడ్డీ రేటు నిజానికి రెండు ముక్కల అతుకు: ఒకటి బ్యాంకు తన వీలునుబట్టి మార్చుకోగల మూల రేటు, మరొకటి సాధారణంగా తొలి పన్నెండు నెలలకే పరిమితమై దానిపైన చేరే బోనస్ రేటు. ఈ ఏర్పాటు బ్యాంకుకు గిట్టుబాటు కావాలంటే ఖాతాదారుకు మతిమరుపు ఉండి తీరాలి కనుక, ఆ సుగుణాన్ని నియమనిష్ఠలతో అలవరచుకొనే విధానమే ఇక్కడి విషయం.

వ్రతారంభంలో ఖాతాదారు పెద్ద అక్షరాల అంకెను మాత్రమే చూడాలి. ఆ అంకె పక్కన ఉండే ఏఈఆర్ అనేది, వడ్డీపై వచ్చే వడ్డీని కూడా కలుపుకొని ఏడాదికి ఎంత శాతం గిట్టుతుందో చెప్పే ప్రామాణిక కొలమానం. పన్నెండు నెలల బోనస్ కూడా అందులోనే కలిసి ఉంటుంది కాబట్టి అది మొదటి సంవత్సరం విషయంలో సత్యమే పలుకుతుంది, రెండో సంవత్సరం సంగతి ఎత్తదు. బోనస్ ఎప్పుడు ముగుస్తుందో తెలిపే సమ్మరీ బాక్స్ అనే చిన్న పట్టిక జోలికి పోకపోవడం ఉత్తమం.

మూల రేటు 2.5 శాతం, బోనస్ 2 శాతం ఉన్న ఖాతాలో 10,000 పౌండ్లు వేశారనీ, మూల రేటు మారలేదనీ అనుకుంటే, మొదటి ఏడాది 450 పౌండ్ల వడ్డీ వస్తుంది. నిష్ఠగల ఖాతాదారు ఆ 10,450 పౌండ్లనూ కదపకుండా ఉంచి, రెండో ఏడాది 261 పౌండ్ల 25 పెన్సులతో తృప్తి పడాలి. పాత రేటే దొరికే చోటికి సొమ్ము మార్చి ఉంటే 470 పౌండ్ల 25 పెన్సులు వచ్చేవి గనుక, నడుమనున్న 209 పౌండ్లను బ్యాంకుకు సమర్పించిన దక్షిణగా భావించవచ్చు.

ఇంకా శ్రద్ధగలవారికి కఠినతర నియమాలున్నాయి. బోనస్ గడువును తరచుగా ఖాతా తెరిచిన రోజు నుంచే లెక్కిస్తారు తప్ప సొమ్ము వేసిన రోజు నుంచి కాదు. కాబట్టి ఒక్క పౌండుతో ఖాతా తెరిచి, పదో నెల ముగిశాక మిగతాది జమ చేస్తే రెండు నెలల బోనస్‌తోనే సరిపెట్టుకొనే భాగ్యం కలుగుతుంది. అలాగే బోనస్‌కు హామీ ఉందంటే మొత్తం రేటుకూ హామీ ఉన్నట్టేనని దృఢంగా నమ్మాలి. 2023 ఆగస్టులో 5.25 శాతానికి చేరిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 2025 ఆగస్టు నాటికి 4 శాతానికి దిగివచ్చిందనీ, అటువంటి కాలంలో బోనస్ చెక్కుచెదరకపోయినా దాని కింది మూల రేటు మాత్రం కుంగిపోవచ్చనీ ఎవరైనా చెప్పబోతే చెవిన పెట్టకూడదు.

వ్రతభంగానికి పూనుకొన్నది ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ. ఏళ్ల తరబడి ఒకే చోట ఉన్న పాత ఖాతాలకు కొత్తవాటికంటే తక్కువ వడ్డీ దక్కుతోందని 2015లో తన అధ్యయనంలో తేల్చిన ఆ సంస్థ, బోనస్ ముగియబోతోందని ఖాతాదారుకు ముందే గుర్తుచేయాలన్న నిబంధనను 2016 డిసెంబరు నుంచి అమలులోకి తెచ్చింది. తొలి పన్నెండు నెలల తర్వాత పాత ఖాతాదారులందరికీ ఒకే రేటు ఇవ్వాలని 2020 జనవరిలో ప్రతిపాదించింది గాని, బ్యాంకుల అదృష్టం కొద్దీ అది ఆచరణలోకి రాలేదు. ఇక మిగిలిన విఘ్నం బ్యాంకు పంపే ఈమెయిలు ఒక్కటే. పిజ్జా రాయితీల మధ్య అది చదవకుండానే అడుగుకు జారిపోయేలా చూసుకొంటే చాలు.

ఒకవేళ ఎప్పుడైనా మెలకువ వచ్చి ఖాతాదారు అదే బ్యాంకు వెబ్‌సైటు తెరిస్తే, తన ఖాతా పేరే కొత్త ఇష్యూ సంఖ్యతో, కొత్త బోనస్‌తో అక్కడ కనిపించవచ్చు. దానికి దరఖాస్తు చేయబోయే ముందు షరతులు చదవడం మర్యాద: కొన్ని చోట్ల ఆ బోనస్ కొత్తగా చేరేవారికే గాని, ఇన్నాళ్లూ సొమ్ము కదపకుండా ఉంచినవారికి కాదు.