మెదడుకో మీటరు

కూచిపూడి సెంటర్లో పావుగంట నిలబడితే టిక్కెట్టు లేకుండా తరంగం చూడొచ్చు. అసలు తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు మోపి, నెత్తిన నీళ్ల చెంబు పెట్టుకుని, చుక్క ఒలక్కుండా ఆడుతుంది. పామర్రు-చల్లపల్లి రోడ్డు మీది తరంగంలో పళ్లెం స్థానంలో మోటారు సైకిలు, చెంబు స్థానంలో సెల్‌ఫోను. తల ఎడమ భుజం మీదికి ఒరుగుతుంది, ఆ సందులో ఫోను ఇరుక్కుంటుంది, కుడిచెయ్యి యాక్సిలరేటరు తిప్పుతుంది, వెనక సీటు మీద యూరియా బస్తా తాళం వేస్తుంది. అక్కడ రంగప్రవేశానికి ఏళ్ల సాధన కావాలి. ఇక్కడ రీచార్జి చాలు. సాహిత్యం కూడా ఒక్కటే చరణం: "ఆఁ... బండి మీదున్నా, చెప్పు బావా!"

ఈ కళాకారుల పని పట్టడానికి శాస్త్రజ్ఞులు ఏకంగా బుర్రలోకే దిగుతున్నారు. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు మనిషి మెదడు విద్యుత్తును మొదటిసారి నమోదు చేశాడు. మూర్ఛ రోగుల కోసం ఆసుపత్రిలో ఉండిపోయిన ఆ పరీక్ష, అదే ఈఈజీ, ఇప్పుడు కారెక్కింది. 2015లో జాగ్వార్ ల్యాండ్ రోవర్, అంటే మన టాటాల సొంత కంపెనీయే, స్టీరింగులో సెన్సర్లు పెట్టి అరచేతుల మీదుగా మెదడు తరంగాలు చదువుతామంది. ధ్యాస తప్పితే స్టీరింగో, పెడలో వణికి గుర్తుచేస్తుందిట. 2018లో నిస్సాన్ వాళ్లు డ్రైవరు నెత్తిన పరికరం పెట్టారు. అతను బ్రేకు తొక్కుదామనుకోగానే, కాలు కదలకముందే, 0.2 నుంచి 0.5 సెకను ముందుగా కారే అందుకుంటుందన్నారు. 2021లో హ్యుందాయ్ మోబిస్ చెవి చుట్టూ తగిలించుకునే సరుకు తెచ్చి, సియోల్ చుట్టుపక్కల తిరిగే బస్సుల్లో ప్రయోగం పెట్టుకుంది.

బాగుంది. మా డ్రైవరు చెవి మాత్రం ఖాళీ లేదు. అక్కడ ఇంకో పరికరం అప్పటికే మాట్లాడుతోంది.

అసలు ఈ మీటరు కొలిచేది వోల్టులో పది లక్షల వంతుల లెక్క. కనురెప్ప వేసినా, దవడ కదిలినా, చెమట పట్టినా ముల్లు గంతులేస్తుంది. దాన్ని తెచ్చి రోహిణి ఎండలో, కిళ్లీ నముల్తున్న మనిషి నెత్తికి కట్టి, దివిసీమ గతుకుల మీద తోలిస్తే కాగితం మీద వచ్చేది మెదడు తరంగమో గుంట తరంగమో తేల్చడానికి ఇంకో మీటరు కావాలి.

పోనీ, అంతా సవ్యంగా పనిచేసిందనే అనుకుందాం. జిల్లా మొత్తానికి ఈ మీటరు టోపీలు పెట్టేశారు. రిపోర్టులు వచ్చాయి.

మొదటి బుర్ర, రైతుది. మోపెడ్ మీదున్నాడు, మనసు ధాన్యం మీదుంది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. ఆ ధాన్యమేమో సగం రోడ్డు ఆక్రమించి, అంచున రాళ్ల కాపలాతో, అతని ముందే ఆరుతోంది. మీటరు అతన్ని చూసి కుయ్యిమంది. రాయి దగ్గర కుయ్యిమనే మీటరు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

రెండో బుర్ర, కైకలూరు నుంచి చేపలు తోలే లారీ డ్రైవరుది. కింద ఐసు కరుగుతోంది, పైన ఓనరు ఫోను మోగుతోంది: "ఎక్కడున్నావురా?" ఎత్తితే ప్రమాదం, ఎత్తకపోతే రేపటికి పనుండదు. మూడో బుర్ర, రాత్రి బస్సు డ్రైవరుది. నిద్ర ముంచుకొస్తోందని టోపీ కనిపెట్టింది. సంతోషం. రెండో డ్రైవరుకి జీతం ఇవ్వడం దానికి రాదు కాబట్టి గట్టిగా మోగి, ఉన్నవాణ్ణే లేపింది. నాలుగో బుర్ర, బందరులో బిర్యానీ పొట్లాలు మోసే కుర్రాడిది. ఆర్డరు వచ్చేదీ, దారి చూపేదీ, ఆలస్యమైందని చీవాట్లు పెట్టేదీ ఆ ఫోనే. దాన్ని చూడటమే అతని ఉద్యోగం, దాన్ని చూడటమే అతని నేరం.

తెలుగులో ఈ జబ్బుకు చక్కటి పేరుంది: పరధ్యానం. ధ్యానం లేకపోవడం కాదు, ధ్యానం పరాధీనం కావడం. డ్రైవరు దగ్గర ఏకాగ్రతకేం లోటు లేదు. దాన్ని ఓనరు సగం కొనుక్కున్నాడు, యాప్ పావు పట్టుకుపోయింది, మిగిలిన పావు వాట్సాప్‌లో పెళ్లి ఫొటోలు చూస్తోంది. కొన్నవాడికి టోపీ లేదు. అమ్ముకున్నవాడి నెత్తికే వైర్లు.

కార్ల కంపెనీలదైతే మరీ ముచ్చట. ఏసీ తగ్గించాలంటే ఒకప్పుడు చూడకుండా తిప్పే మర ఉండేది. ఇప్పుడు ఇంట్లో టీవీ అంత తెర పెట్టి, అందులో వెతుక్కోమన్నారు. అరవై కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు ఆ తెర వంక చూస్తే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే లెక్క. చూపు లాగేసే తెరా వాళ్లదే, చూపు పోయిందని కేకేసే మీటరూ వాళ్లదే. తొడపాశం పెట్టి ఉయ్యాల ఊపడమంటే ఇదే. పైగా ఉయ్యాలకు వేరే బిల్లు.

చట్టం చేతులు ముడుచుకుని కూర్చోలేదండోయ్. 2019 సవరణతో చేతిలో ఫోనుతో నడిపితే వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా, కావాలంటే జైలు కూడా. మరుసటి ఏడాది అక్టోబరు 1 నుంచి నిబంధనలో చిన్న కిటికీ తెరిచారు: దారి చూసుకోవడానికైతే ఫోను వాడుకోవచ్చు, డ్రైవరు ఏకాగ్రత చెదరనంత వరకూ! చెదిరిందో లేదో చలానా పుస్తకం పట్టుకున్న కానిస్టేబుల్ ఎలా చెబుతాడు? మెదడు మీటరుకు మొదటి ఆర్డరు మన చట్టమే ఇచ్చినట్టుంది.

కానీ అక్కడో చిక్కుంది. మనిషి ఒప్పుకోకుండా మెదడు పరీక్ష చెయ్యడానికి వీల్లేదని సెల్వి కేసులో 2010 మే 5న సుప్రీంకోర్టు తేల్చేసింది. నిందితుడి బుర్ర కూడా పోలీసు సొత్తు కాదన్నమాట. కంపెనీకి ఆ బాధ లేదు. నలభై పేజీల షరతుల కింద "అంగీకరిస్తున్నాను" అని ఉంటుంది, మనం చదవకుండా నొక్కేస్తాం. సర్కారు అడిగితే కోర్టు దాకా వెళ్లే బుర్రని కంపెనీకి బొటనవేలితో రాసిచ్చేస్తాం.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో నూటికి 71 మంది అతివేగం ఖాతాలో పడ్డారు. ఆ వేగంలో చెవి దగ్గర ఏముందో చాలాసార్లు పోయినవాడికే తెలియాలి. కాగితం మీద మాత్రం "అతివేగం, అజాగ్రత్త" అనే జంటపదం అన్ని చావులకూ సరిపోతుంది.

అరచేతి రేగుపండుకు అద్దమెందుకు? భుజానికీ చెవికీ మధ్య ఇరుక్కున్న ఫోను సెంటర్లో సోడా కొట్టేవాడికి కనిపిస్తోంది, బడిపిల్లలకి కనిపిస్తోంది, కాలవగట్టు మీది గేదెకు కూడా కనిపించే పక్కకు జరుగుతోంది. దానికి మెదడు లోపలికి చూడాల్సిన పనేముంది?

ఇంతసేపూ ఓనర్లనీ కంపెనీలనీ తిట్టాను గదా, ఒక సంగతి దాచాను. మొదట్లో చెప్పిన ఆ మోటారు సైకిలు మనిషి "బావా" అన్నది ఎవరినో కాదు. ఫోను చేసింది నేనే. పనేం లేదు, భోజనమైందా అని. "బండి మీదున్నా" అన్నాడు. "సరే, ఒక్క మాట" అన్నాను. ఆ ఒక్క మాట కూచిపూడి నుంచి చల్లపల్లి దాకా సాగింది.

ఏ జపాన్ వాడూ, కొరియా వాడూ కనిపెట్టక్కర్లేని మీటరు ఒకటి నా దగ్గరే ఉంది, మీ దగ్గరా ఉంది. అవతల ఫోను ఎత్తగానే చెవిలో హోరుమని గాలి వినిపిస్తుంది. అదే సెన్సరు. వైర్లు లేవు, షరతులు లేవు, పైసా ఖర్చు లేదు. ఆ హోరు వినిపించిన మరుక్షణం మాట మాట్లాడకుండా పెట్టేయండి. భోజనమైందో లేదో ఇంటికి చేరాక చెబుతాడు.