స్కెడ్యూల్ మామయ్య

డాలస్‌లో మా అబ్బాయి దగ్గర కొన్నాళ్లు ఉండొచ్చాక నేను షెడ్యూల్ అనడం మానేశాను. స్కెడ్యూల్ అంటాను. పాలవాడు ఆలస్యమైతే స్కెడ్యూల్ తప్పాడంటాను. మజ్జిగపులుసు ఇవాళ కాదు రేపంటే, స్కెడ్యూల్ మారిందంటాను. "ఏమండీ, ఆ 'స్కె' ముందు గొంతెందుకు సవరించుకుంటారు?" అని మా ఆవిడ అడిగింది. వినేవాళ్లు తేడా గమనించొద్దూ మరి!

నవ్వకండి. కొత్తగా నేర్చిన మాటొకటి నోట్లో పెట్టుకుని, వదలడానికి మనిషి దొరుకుతాడేమోనని వీధిలోకి చూసిన రోజులు మీకూ ఉండే ఉంటాయి.

అక్కడితో ఆగానా? దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా చదివాను. లాటిన్‌లో చిన్న చీటీ అని అర్థం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో 'సెడ్యూల్' అనేవారట. తర్వాత ఇంగ్లండు 'షె' పట్టుకుంది, అమెరికాలో నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ 'స్కె' అనమన్నాడు. రైలు వేళల పట్టిక అన్న అర్థం 19వ శతాబ్దంలో అమెరికావాళ్లు అంటగట్టిందే. అంతకు ముందు నుంచీ అది చట్టం వెనకాల తగిలించే జాబితా. మన రాజ్యాంగం 8 షెడ్యూళ్లతో మొదలైంది, ఇప్పుడవి 12. ఎనిమిదో దాంట్లో మొదట చేరిన 14 భాషల్లో తెలుగొకటి. ఏజెన్సీలో షెడ్యూల్డ్ ఏరియా అన్నా, డాక్టరు చీటీ లేందే అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందులన్నా ఆ జాబితా అర్థమే.

ఇదంతా మా చెల్లెలింట్లో భోజనాల దగ్గర ఏకబిగిన చెప్పాను. మా బావ పెరుగన్నం దాకా ఓపిగ్గా విని, "అయితే అమ్మాయి పెళ్లి స్కెడ్యూల్ మీరే వేసెయ్యండి బావగారూ" అన్నాడు. అది వెక్కిరింపేమోనన్న అనుమానం నాకా పూట రాలేదు.

వేశాను. కంప్యూటర్లో, రంగురంగుల గళ్లతో. పసుపు దంచడానికి పసుపు రంగు, స్నాతకానికి నీలం. బ్రహ్మముడికి 4 నిమిషాలు మంజూరు చేశాను. పంతులుగారు ఆ కాగితం చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకోకుండానే నా చేతికిచ్చేశారు.

శుభలేఖలో ముహూర్తం ఇలా ఉంది: ఆదివారం రాత్రి 1.12 గంటలకు (తెల్లవారితే సోమవారం). పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, గడియారానికి అర్ధరాత్రితో. ఆ రెండూ కొట్టుకోకుండా మన పెద్దవాళ్లు వేసిన బ్రాకెట్టది. నాకేమో మోటుగా కనిపించింది. డాలస్ చూసొచ్చినవాడి స్కెడ్యూల్లో 'తెల్లవారితే' ఏమిటి, నామోషీ కాదూ! పీకేశాను. 'ఆదివారం, 1.12 ఏఎం' అని ముద్దుగా కొట్టి, సన్నాయి మేళానికీ బస్సు డ్రైవరుకీ వాట్సాప్‌లో పంపేశాను.

శనివారం రాత్రి మంచి నిద్రలో ఉండగా ఫోను. "సార్, హాలుకొచ్చేశాం, గేటుకి తాళం వేసుందండీ." ఎవరయ్యా అంటే మేళం. ఇప్పుడెందుకయ్యా అంటే, "ముహూర్తం ఇంకో అరగంటే కదండీ, మీ కాగితంలో." అది పెట్టేలోగా ఇంకో ఫోను. బస్సు మగపెళ్లివారి వీధిలో నిలబడి హారన్ కొడుతోందట, కుక్కలన్నీ లేచాయట, పెళ్లికొడుకు తాతగారు కంగారులో పట్టుపంచె కట్టేసుకుని బస్సెక్కి కూర్చున్నారట, దిగమంటే దిగరట! లుంగీ మీద చొక్కా తిరగేసి తొడుక్కుని, స్కూటరు తీసి, సందు చివర పెట్రోలైపోయి, తోసుకుంటూ తోసుకుంటూ హాలు దగ్గరికి చేరేసరికి, చలికి చేతులు ఊరుకోక కాబోలు, డోలు ఆయన రెండు దెబ్బలు వేశాడు. చుట్టుపక్కల మేడల్లో దీపాలన్నీ వెలిగాయి. ఆ వెలుగులో నా లుంగీని ఊరంతా చూసింది.

"పోనీ, రేపు రాత్రి రండయ్యా" అని బతిమాలాను. మేళం పెద్దాయన చాలా మర్యాదస్తుడు. "రేపు తణుకులో ఒప్పుకున్నామండీ" అన్నాడు.

పెళ్లి సీజన్లో ఒక్కరోజులో ఇంకో మేళం దొరుకుతుందా? దొరకలేదు. మా మేనల్లుడు, పెళ్లికూతురి తమ్ముడు, ధైర్యం చెప్పాడు. ఫోన్లో సన్నాయి పెట్టి మైకుకి ఆనిస్తాడట. జీలకర్ర బెల్లం వేళకి పంతులుగారు "గట్టిమేళం!" అని కేకేశారు. వాడు నొక్కాడు. ముందుగా ప్లాస్టిక్ పైపుల ప్రకటన వచ్చింది. అయిదు సెకన్లకి దాటించెయ్యొచ్చు కదా అంటారు. అంతకుముందే పంతులుగారి పళ్లెం అందించాడు కదా, వేళ్లనిండా బెల్లం. తెర పలకదు. లీకవ్వదని, తుప్పు పట్టదని ఆ గొంతు హాలంతా మోగుతుండగా మా మేనకోడలు పెళ్లికొడుకు నెత్తిన చెయ్యి పెట్టింది. ప్రకటన పూర్తిగా అయింది. సన్నాయి మొదలయ్యేసరికి అక్షింతలు కూడా వేసేశాం.

ఈమధ్య ఆ పిల్లలిద్దరూ ఇల్లు కట్టుకుంటున్నారు. పైపులు ఏ కంపెనీవి వేయించాలో మామయ్యని అడగమని మా చెల్లెలు చెప్పిందట. ఫోన్ చేశారు.