అటకెక్కిన కవిలె ఆత్మకథ

గ్రామ కరణం ఊరి లెక్కలనూ పూర్వవృత్తాంతాన్నీ తాటాకుల మీద రాసి దాచిన కట్టను కవిలె అంటారు. గుంటూరు సీమలోని ఒక కరణాల వంశంలో చేతులు మారుతూ వచ్చిన కవిలె తన బతుకును ఇక్కడ చెప్పుకుంటున్నది. ఆకులను ఆరబెట్టి, సమంగా కోసి, గంటంతో అక్షరాలు గీసి, మసి పూసి, దారానికి గుచ్చగా ఇది పుట్టింది. అడవి కొట్టి ఊరు కట్టినవారెవరు, చెరువు తవ్వించినదెవరు, గుడికి మాన్యంగా, అనగా శిస్తు లేని దానభూమిగా, ఇచ్చిన పొలమేది, పొలిమేర రాళ్లు ఎక్కడున్నాయి అనే సంగతులకు ఆ ఊళ్లో ఇదే ఆధారంగా ఉండేది.

ఈ కవిలె గర్వంగా తలచుకునే కాలం 19వ శతాబ్దపు తొలినాళ్లు. 1783లో భారతదేశానికి వచ్చిన స్కాట్లండు సైనికాధికారి కాలిన్ మెకంజీ భూముల సర్వేతో పాటు స్థానిక చరిత్రలనూ సేకరింపజేశాడు. ఆ పనికి దారి చూపిన కావలి వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించగా, తమ్ముడు లక్ష్మయ్య దానిని కొనసాగించాడు. వారి మనుషులు ఊరూరా తిరిగి, కరణాలనూ పెద్దలనూ అడిగి రాసుకున్న గ్రామ వృత్తాంతాలే కైఫీయతులు. అలా వచ్చినవారి ముందు కరణం కవిలె విప్పి చదివాడు. పొడి అక్షరాలూ, వీసం (1/16), కాని (1/64) వంటి భిన్నాల గుర్తులూ, వాడుక తప్పిన పొలాల పేర్లూ అతడు విడమరచి చెప్పకపోతే వచ్చినవారికి ఈ ఆకులు మూగవే అయ్యేవి.

1821లో మెకంజీ మరణించాక ఆ సేకరణను ఈస్టిండియా కంపెనీ కొన్నది. 1828లో ప్రాచ్య భాషా పండితుడు విల్సన్ దాని పట్టిక ప్రకటించాడు. శిథిలమవుతున్న తెలుగు ప్రతులకు సి.పి.బ్రౌన్ నకళ్లు రాయించాడు. కైఫీయతులకు చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో నీడ దొరికింది గాని, వాటికి మాట అందించిన కవిలెకు అటకే దిక్కయింది. లెక్కలు కాగితానికి మారాక దీనికి నూనె రాసేవారు లేకపోయారు. దారం తెగి ఆకుల వరుస తప్పింది, చెదలు అంచులు కొరికాయి, కొన్ని ఆకులు పొయ్యి రాజేయడానికి పోయాయి. 1984లో కరణం పదవే రద్దు కావడంతో కవిలె చదవడం నేర్చుకోవలసిన అవసరమూ తీరిపోయింది. కంచు చెంబులను సైతం లెక్కపెట్టి పంచుకున్న వారసులు కవిలెను ఎవరి వాటాలోనూ చేర్చలేదు. తమ తాతల పేర్లు అందులో ఉన్నాయన్న సంగతైనా వారు తెలుసుకోకపోవడమే దీనికి చెదల కన్నా ఎక్కువ బాధ.

ఊరి తొలి చరిత్రను వెదికేవారు గ్రంథాలయంలోని కైఫీయతు చదివితే సరిపోదు. అందులోని చెరువు ఏ దిబ్బ కింద పూడిపోయిందో, ఏ గట్టు పాత పొలిమేరో చూపగల పెద్దను వెంటబెట్టుకుని ఆ నేల మీద నడవాలి. ఆకు పోయినా నకలు మిగలవచ్చు. ఊరెరిగిన మనిషి పోతే నకలులోని పేరు ఏ నేలదో చెప్పేవారుండరు. అందుచేత మిగిలిన కవిలెలను దింపి, వాటిని చదవగలవారు ఉండగానే చదివించి రాసుకోవాలని ఈ కవిలె తన ఊరివారిని వేడుకుంటున్నది.