అడగని అంకె: ఓ గ్లూకోమీటర్ ఆత్మకథ

నేను గ్లూకోమీటర్‌ని. స్ట్రిప్పు మీది ఎంజైము రక్తంలోని గ్లూకోజుతో కలిసినప్పుడు పుట్టే సన్నటి కరెంటును కొలిచి, కొన్ని సెకన్లలో అంకె చూపడమే నా బతుకు. 2021 వేసవిలో కరోనా రెండో అల విరుచుకుపడినప్పుడు జనం ఆక్సీమీటర్ కోసం మందుల షాపుల చుట్టూ తిరిగారు. నన్ను అడిగింది తక్కువమంది. ఆ జూలై కల్లా దేశంలో కరోనా వచ్చినవారిలో 45 వేలకు పైగా మ్యూకర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్ అనే బూజు జబ్బు) కేసులు తేలాయి. తెలంగాణలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి దాని చికిత్సకు ప్రధాన కేంద్రమైంది. నా వాదన ఒక్కటే: కరోనాకు స్టెరాయిడ్ వాడిన ప్రతి ఇంట్లో ఆక్సిజన్‌తో పాటు చక్కెరనూ చూసుకుని ఉంటే, ఆ నష్టంలో చాలా భాగం తప్పేది.

ఆ బూజు బీజాలు మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, గాలిలో ఎప్పుడూ ఉంటాయి. అందరూ పీలుస్తారు, కొందరికే జబ్బు చేస్తుంది. చక్కెర అదుపు తప్పితే తెల్లకణాలు మందగిస్తాయి. అది రక్తంలో ఆమ్లాలు పేరుకునే కీటోయాసిడోసిస్ దాకా ముదిరితే, ప్రోటీన్లు పట్టి ఉంచిన ఇనుము విడిపోయి బూజుకు అందుతుంది. సైనసుల్లో మొలకెత్తిన బూజు రక్తనాళాల్లోకి చొరబడి, రక్తం గడ్డకట్టించి, కణజాలాన్ని చంపుతూ కంటికీ మెదడుకూ పాకుతుంది. ఇలా చక్కెర అదుపు తప్పడానికి కరోనాకు వాడిన స్టెరాయిడ్ తోడైంది. బ్రిటన్‌లో కరోనా రోగులపై జరిగిన రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున, గరిష్ఠంగా 10 రోజులు ఇస్తే ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవారిలో మరణాలు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివారిలో మేలేమీ కనబడలేదు. ఇక్కడ మాత్రం అక్కర్లేనివారూ వాడారు, మోతాదు మించీ వాడారు.

షుగర్ లేనివాళ్లకూ వచ్చింది కదా అంటారు. నిజమే, వైరస్, స్టెరాయిడ్ రెండూ రోగనిరోధక శక్తిని నేరుగానూ దెబ్బతీస్తాయి, అది నా అంకెలో కనబడదు. కానీ కొందరికి షుగర్ ఉన్న సంగతే తెలియదు, మరికొందరికి స్టెరాయిడ్ వల్లే పెరిగింది. పొద్దున వేసుకున్న మాత్ర మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా చక్కెరను ఎగదోస్తుంది కాబట్టి పరగడుపు అంకె ఒక్కటే చూస్తే మోసపోతారు. రోగులకు పెట్టిన పరిశ్రమల ఆక్సిజన్‌దే తప్పని కొందరన్నారు; అసలు ఆక్సిజనే పెట్టనివారికీ ఈ జబ్బు సోకింది. బుగ్గ తిమ్మిరెక్కి, కన్ను వాచి, ముక్కులోంచి నల్లటి స్రావం కారుతున్నప్పుడు నాతో పని లేదు. ఎండోస్కోపీ, బూజును చంపే యాంఫోటెరిసిన్-బి మందు, ఆపరేషన్ కావాలి, అదీ ఆలస్యం లేకుండా. నా పని అంతకుముందే ఉంది. అందుకే స్టెరాయిడ్ రాసిన చీటీ మీదే, మధ్యాహ్నం భోజనమయ్యాక రెండు గంటలకూ సాయంత్రమూ చక్కెర చూసుకోవాలని, ఎంత దాటితే ఫోన్ చేయాలో కూడా రాయాలి.